పిల్లల ఊబకాయానికి గ్రెలిన్ పరీక్ష రాయొచ్చా?

హన్మకొండ_టీచర్
పిల్లలకు ఆకలి హార్మోన్ల పరీక్ష అని ఒక ల్యాబ్ ప్యాకేజీ పెట్టిన్రు. ఆకలి పుట్టించే గ్రెలిన్, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 రెండూ చూస్తరట. మా స్కూల్ల 11 ఏండ్ల బాబు ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు, నడుము 88 సెంటీమీటర్లు. మెడ వెనక నల్లగ, మందంగ అయింది. అన్నం తిన్న గంటకే మళ్ల ఆకలంటడు. వాళ్ల అమ్మ ఆ ప్యాకేజీ చేయించాల్నా అని అడుగుతున్నది. ఏం చెప్పాలె?

శాంపిల్_ట్యూబ్
వద్దని చెప్పండి సార్. ఆ శాంపిల్ తీసుడే అందరికీ రాదు. అసలు జీఎల్‌పీ-1 రక్తంల రెండు నిమిషాలకే సగమైతది, డీపీపీ-4 అనే ఎంజైమ్ కోసేస్తది. ఆ ఎంజైమ్‌ను ఆపే మందు ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనియ్యని) ట్యూబుల ముందే ఉండాలె. తీసిన వెంటనే మంచుల పెట్టి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌ల తిప్పి, ప్లాస్మాను (రక్తకణాలు పోంగ మిగిలే నీరు) డీప్ ఫ్రీజర్ల దాచాలె. గ్రెలిన్ ఇంకా నాజూకు. ఆకలి పుట్టించే రూపానికి చిన్న కొవ్వు తోక ఉంటది. ట్యూబుల ఎంజైమ్‌లను ఆపే మందు వేసి, ప్లాస్మాకు ఆసిడ్ కలపకపోతే ఆ తోక ఊడిపోతది. ఇంటికొచ్చి రక్తం తీసిన ల్యాబ్ పిల్లగాడు ఎండల బైకు మీద గంట తిరిగినంక వచ్చిన అంకెకు అర్థమే లేదు.

పరకాల_పత్తి
పైసలు దండుగ.

పిల్లల_వార్డు
శాంపిల్ సరిగ్గా తీసినా లాభం లేదు. ఊబకాయం ఉన్న పిల్లల్లో గ్రెలిన్ ఎక్కువ ఉంటుందనుకుంటారు, నిజానికి తక్కువే ఉంటుంది. బాగా ఎక్కువ కనిపించేది ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే జన్యు జబ్బులో. ఆ పిల్లలు పుట్టినప్పుడు మెత్తగా వేలాడిపోతూ పాలు కూడా సరిగ్గా పీల్చరు, కొన్నేళ్ల తర్వాత తీరని ఆకలి మొదలవుతుంది, ఎత్తు పెరగరు. దాన్ని పట్టేది జన్యు పరీక్ష, గ్రెలిన్ కాదు.
ఈ బాబు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు చూసే అంకె) 28.8. ఐఏపీ (భారత పిల్లల డాక్టర్ల సంఘం) 2015 చార్టులో పెద్దల బీఎంఐ 27కు సమానమైన గీత 11 ఏళ్ల దగ్గర చాలా కిందే ఉంటుంది, కాబట్టి ఊబకాయమే. నడుమును ఎత్తుతో భాగిస్తే 0.62, సగం దాటకూడదు. మెడ నలుపు ఇన్సులిన్ పనిచేయట్లేదనే గుర్తు. చేయించాల్సినవి పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, ఏఎల్‌టీ (కాలేయం పరీక్ష). మగపిల్లల్లో ఏఎల్‌టీ 26 దాటితే కాలేయంలో కొవ్వు గురించి ఆలోచించాలి. ల్యాబ్ కాగితం మీద 40 వరకు నార్మల్ అని ఉంటే దాన్ని నమ్మొద్దు. బీపీకి పెద్ద కఫ్ కట్టాలి, చిన్నది కడితే లేని బీపీ కనిపిస్తుంది.

జొన్నగట్క
పరీక్ష వద్దంటే నేనూ ఒప్పుకుంట. కానీ హార్మోన్ల సంగతే వద్దన్నట్టు మాట్లాడొద్దు డాక్టర్ గారూ. జీఎల్‌పీ-1, పీవైవై (ఇదీ కడుపు నిండిందని చెప్పే హార్మోనే) చేసే కణాలు ఎక్కువ ఉండేది పేగు కింది భాగంల. తెల్లన్నం, మైదా పైననే అరిగిపోతయి, కిందిదాక ఏం మిగలదు. అందుకే ఆ పిల్లగానికి గంటకే ఆకలి అయితుండొచ్చు.
ప్లేట్ల వరుస మార్చమనండి. ముందు ఒక గిన్నెడు ఆనిగెపుకాయ కూర, దానితోటి గుడ్డు లేకుంటే గట్టి పప్పు. పది నిమిషాలు ఆగినంక అన్నం. తినుడు కూడ మెల్లగ. 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను పెద్దోళ్లకు ఒకసారి 5 నిమిషాలల్ల, ఇంకోసారి 30 నిమిషాలల్ల తినిపించి చూస్తే, మెల్లగ తిన్నప్పుడే ఈ రెండు హార్మోన్లు ఎక్కువొచ్చినయి. సాయంత్రం చిప్స్ బదులు ఉడకబెట్టిన బొబ్బెర్లు పెట్టాలె.
చానామంది దెబ్బతినేది ఇక్కడ్నే: మొదటి రోజే కప్పు నిండ పెడ్తరు, గ్యాస్‌తోటి కడుపు ఉబ్బుతది, పిల్లగాడు మళ్ల ముట్టడు. రెండు చెంచాలతోని మొదలుపెట్టి మూడు వారాలల్ల పెంచాలె. జొన్నపిండి జల్లెడ పట్టొద్దు, కిందిదాక పోయే పీచు ఆ పొట్టులనే ఉన్నది.

పిల్లల_వార్డు
ఇవన్నీ చెప్తే ఇంటికెళ్లి "హార్మోన్ల ప్రాబ్లమ్ అంట" అని కూల్‌డ్రింక్ తెస్తూనే ఉంటారు. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర. ముందు అది ఆపాలి. హార్మోన్ అనే మాట ఓపీలో సాకుగా మారుతోంది.

శాంపిల్_ట్యూబ్
ఇన్సులిన్ పరీక్ష రాస్తే ఒక మాట: శాంపిల్ల ఎర్రకణాలు పగిలితే ఇన్సులిన్ తప్పుగ తక్కువొస్తది. ప్లాస్మా ఎర్రగుంటే మళ్ల తీయాలె.

జొన్నగట్క
సాకా? బరువు తగ్గిన పెద్దోళ్లల్ల ఏడాదైనా గ్రెలిన్ ఎక్కువే, పీవైవై తక్కువే ఉంటున్నది. శరీరం పాత బరువు వైపే గుంజుతది. ఇది తెలిసి కూడ నోరు కట్టుకొమ్మని పంపిస్తే, రెండు నెలలకు బరువు తిరిగొచ్చినప్పుడు తప్పు పిల్లగానిదే అయితది. లైన్ల పదిమంది ముందట తిట్లు పడేది వాడే.

పిల్లల_వార్డు
నేను పిల్లవాణ్ని అనలేదు మేడమ్. ఫ్రిజ్ నింపేది వాడు కాదు, ఇంటివాళ్లు.

జొన్నగట్క
ఇంటోళ్లను అంటే వాళ్లు ఇంటికిపోయి పిల్లగాణ్నే తిడ్తరు. సందుల కూసొని తింటడు. హార్మోన్ పేరు చెప్పేది సాకు కోసం కాదు, ఆ తిట్లు ఆగుతయని.

కాజీపేట_జంక్షన్
మరి ఆ బరువు తగ్గించే ఇంజక్షన్ల సంగతేంది?

పిల్లల_వార్డు
నా అసలు భయం అదే, ముందే చెప్పాల్సింది. హార్మోన్ అన్న మరుక్షణం ఇంజక్షన్ అడుగుతున్నారు. అమెరికాలో 12 ఏళ్లు దాటినవాళ్లకు జీఎల్‌పీ-1 లాగా పనిచేసే లిరాగ్లూటైడ్‌ను 2020లో, సెమాగ్లూటైడ్‌ను 2022లో అనుమతించారు. సెమాగ్లూటైడ్ 68 వారాల ట్రయల్‌లో బీఎంఐ సగటున 16 శాతం తగ్గింది, అది చిన్న ఫలితమేమీ కాదు. కానీ వాంతులు, పిత్తాశయంలో రాళ్లు వస్తాయి, మానేస్తే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాలకోసారి పెంచాలి. తొందరపడితే వాంతులు పట్టుకుంటాయి. ఈ బాబుకు 11 ఏళ్లే. తిట్ల విషయంలో మీ మాట కాదనను. తల్లిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడొచ్చు.

జొన్నగట్క
నేనూ ఇంజక్షన్ అడుగలే. విడిగ మాట్లాడితే చాలు. కూల్‌డ్రింక్ మాట నేనే ముందు చెప్పాల్సుండె.

శాంపిల్_ట్యూబ్
టీచర్ సారూ, ఆ 88 యాడ కొలిచిన్రు?

హన్మకొండ_టీచర్
ప్యాంటు కట్టే దగ్గర.

శాంపిల్_ట్యూబ్
అయితే మళ్ల కొలువుండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నట్టనడుమ, బట్ట మీద కాదు, ఊపిరి వదిలినంక. మూణ్నెల్లకు మళ్ల అదే జాగల.