కివి పూత మొత్తం రాలిపోయింది, ఒక్క పిందె లేదు. ఇది ఆడ తీగా మగ తీగా?

పందిరి_పిచ్చి
తీగ పందిరంతా అల్లుకుంది, ఈసారి పూత కూడా విరగబూసింది, కానీ పువ్వులన్నీ పసుపెక్కి రాలిపోయాయి. పువ్వు చూసి ఆడా మగా చెప్పొచ్చా? ఎరువు ఏమన్నా వేయాలా? ప్రూనింగ్ ఎప్పుడు చేయాలి?

మట్టివాసన
ఎరువు సంగతి తర్వాత, ముందు పువ్వు మధ్యలోకి చూడండి. ఆడ పువ్వైతే తెల్లటి సన్న కాడలు గొడుగు ఊచల్లా చుట్టూ విచ్చుకుని ఉంటాయి, వాటి కింద నూగు నూగుగా చిన్న ఉండ, రేపు కాయ అయ్యేది అదే. మగ పువ్వులో ఆ ఉండ కనపడదు, పసుపు కేసరాల గుత్తి తప్ప ఏం లేదు. పసుపెక్కడం తెగులేం కాదు, తెల్లగా విచ్చుకున్న పువ్వు మీగడ రంగుకొచ్చి తర్వాత పసుపుకి తిరుగుతుంది.

రెండాకులు
మా తీగ పువ్వులో ఉండా ఉంది, చుట్టూ కేసరాలూ ఉన్నాయి. అంటే ఒక్క మొక్క చాలు కదా. మగ మొక్క కూడా కొనాలనేది నర్సరీల వాళ్ళు రెండోది అంటగట్టడానికి చెప్పే మాట.

మట్టివాసన
అన్నా, తెలియకపోతే అడుగు, కొత్తవాళ్ళని తప్పుదారి పట్టించకు. ఆడ పువ్వు కేసరాల్లో పొడి ఉంటుంది కానీ అది చచ్చు పొడి, దాంతో పిందె పట్టదు.

రెండాకులు
చచ్చు పొడైతే తేనెటీగలు ఎందుకు వాలుతున్నాయి మరి? నా కళ్ళతో చూశాను, కాళ్ళకి పొడి అంటుకుని పోతున్నాయి.

పరాగం
నేను చాలా ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాడిని, ఇక్కడ కొంచెం వినండి. కివి పువ్వులో తేనె ఉండదు, ఈగ వచ్చేది పుప్పొడి కోసమే. ఆడ పువ్వు ఆ చచ్చు పొడైనా పెట్టకపోతే ఈగ దాని మొహం చూడదు, మగ పువ్వు పొడి దాని దాకా చేరదు. అసలు పిందె పడితే చాలదు, హేవార్డ్ అనే ఆడ రకం కాయ మంచి సైజుకి రావాలంటే లోపల వెయ్యికి పైగా గింజలు పట్టాలి, గింజలు తగ్గాయంటే కాయ చిన్నదే.

రెండాకులు
మరి జెన్నీ అనే రకం ఒంటరిగానే కాస్తుందిగా, దానికేమంటారు?

పరాగం
కాస్తుంది, ఎవరు కాదన్నారు? అది ఆ రకం గుణం. మీది జెన్నీయేనా? ముందు అది చెప్పండి.

రెండాకులు
మాకు కాయలు కాశాయి, నాకది చాలు. పాఠాలు మీ క్లాసులో చెప్పుకోండి.

చలిగాలి
గోడ అవతల ఎవరిదో మగ తీగ ఉండుంటుంది, చూసుకోండి. అసలు తంటా టైమింగుది. నా మగ తీగ మటువా, హేవార్డ్ మొగ్గ విప్పేసరికి దాని పూత అయిపోయేది, ఆలస్యంగా పూసే టొమురి పెట్టాక రెండూ కలిశాయి. ఒక మగ తీగ ఆరు నుంచి ఎనిమిది ఆడ తీగలకి సరిపోతుంది.

మీసాల_పిల్లి
మగ మొక్కని ముందు బతకనివ్వాలి కదండీ! లేత కివి వాసనకి పిల్లులు పడిచస్తాయి, మొక్క మొదలు దగ్గర దొర్లుతాయి, చిగుళ్ళు కొరికేస్తాయి. నాటిన రోజే చుట్టూ వైరు మెష్ కట్టండి.

చలిగాలి
న్యూజిలాండ్ మొక్క కదా, పిల్లికి దానితో ఏం పని?

పరాగం
న్యూజిలాండ్‌ది కాదండీ, చైనాది. 1904లో ఇసబెల్ ఫ్రేజర్ అనే టీచర్ చైనా నుంచి గింజలు తీసుకెళ్ళారు, 1910లో అక్కడ మొదటి కాయలు కాశాయి. కివి అన్న పేరైతే 1959లో వచ్చింది.

పూలబుట్ట
చరిత్ర పక్కన పెట్టండి, పాపం ఆవిడ అడిగింది పూత గురించి. ఈగల్ని నమ్ముకోకుండా నేను చేత్తోనే పట్టిస్తాను. అప్పుడే విచ్చిన మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, మంచు ఆరాక ఆ కేసరాలతో ఆడ పువ్వు తెల్ల కాడల మీద అన్ని వైపులా మెల్లగా రాయాలి, ఒక వైపే రాస్తే కాయ వంకరొస్తుంది. ఒక మగ పువ్వు నాలుగైదింటికి వస్తుంది. ఇప్పుడు నా పందిరికి కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి!

పందిరి_పిచ్చి
చివర మిగిలిన పువ్వు చూశానండీ, తెల్ల కాడలూ ఉన్నాయి, కింద ఉండా ఉంది. మగ తీగ గింజ వేసి పెంచుకోవచ్చా?

మట్టివాసన
వద్దమ్మా, గింజ మొక్క పూతకొచ్చేదాకా ఆడో మగో తేలదు, దానికి ఏళ్ళు పడుతుంది. పేరున్న మగ రకం అంటు మొక్కే తెచ్చుకోండి. ప్రూనింగ్ అడిగారు కదా, పోయినేడు పెరిగిన కొమ్మల నుంచి వచ్చే కొత్త చిగుళ్ళ మీదే పూత వస్తుంది, చలికాలంలో ఆ కొమ్మలన్నీ నరికేయకండి. మగ తీగని మాత్రం పూత అయిన వెంటనే కత్తిరించేయొచ్చు.

రెండాకులు
అంటు కూడా అక్కర్లేదనే నా మాట.