అరగంట కోశాక ఆగిపోతున్న రైడింగ్ మోవర్: కార్బ్యురేటర్ మార్చాల్సిందేనా?

పచ్చికమధ్య:
కూర్చుని గడ్డి కోసే మోవర్ అండి, సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజిన్, హైడ్రోస్టాటిక్ రకం (గేర్లు మార్చక్కర్లేకుండా ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిరిగేది). తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, శుభ్రంగా కోస్తుంది, ఓ అరగంట అయ్యాక రెండు మూడు జర్కులిచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ తిరుగుతుందే తప్ప స్టార్ట్ అవ్వదు. బాగా చల్లారాక మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తుంది. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి, పెట్రోల్ కూడా తాజాదే. మెకానిక్ బండి చూడకుండానే కార్బ్యురేటర్ మార్చాలంటున్నాడు. ఇప్పుడు సరిగ్గా గడ్డి మధ్యలో ఆగింది, తోస్తే అంగుళం కదలట్లేదు. టెన్షన్‌గా ఉంది.

స్పానర్‌బాబాయ్:
ముందు బండిని కదిలించండి. హైడ్రోస్టాటిక్ వాటికి వెనకవైపు బైపాస్ లివర్ (చక్రాలు తేలిగ్గా తిరిగేలా ట్రాన్స్‌మిషన్‌ని వదిలించేది) ఉంటుంది, కొన్నిటికి లాగాలి, కొన్నిటికి నొక్కాలి, మాన్యువల్లో బొమ్మ ఉంటుంది. అది వేసి, పార్కింగ్ బ్రేక్ తీసి, చేత్తో మెల్లగా తోయండి. తాడు కట్టి వేరే బండితో లాగించొద్దు, ట్రాన్స్‌మిషన్ దెబ్బతింటుంది. షెడ్డులో పెట్టాక లివర్ వెనక్కి వేయకపోతే ఇంజిన్ నడిచినా బండి కదలదు, అప్పుడు ఇంకో ప్రశ్న పెడతారు :)

కార్బ్యురేటర్ మాట నాకు నచ్చలేదు. దాని జెట్‌లో, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో, చెత్త ఉంటే సాధారణంగా మొదటి నుంచే ఎగుడుదిగుడుగా నడుస్తుంది.

కిల్‌వైర్:
బాబాయ్ అన్నదే నాదీ. వేడెక్కాక ఆగి, చల్లారాక నడిచే బండికి నా అనుమానం రెండిటి మీదే, ట్యాంక్ మూత, ప్లగ్‌కి కరెంటిచ్చి స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్. మూతలో గాలి పోయే సన్నటి దారి ఉంటుంది, అది మూసుకుపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పెట్రోల్ కిందికి దిగదు. కాయిల్ అయితే వేడికి లోపలి చుట్టు తెగినట్టయి స్పార్క్ పోతుంది, చల్లారితే మళ్ళీ వస్తుంది. అందుకే చల్లటి ఇంజిన్ మీద ఎంత పరీక్షించినా ఏమీ తెలీదు, ఆగిన నిమిషంలోనే చూడాలి. ఆగగానే బ్లేడ్లు ఆపేసి, మూత మెల్లగా వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, కాసేపటికి స్టార్ట్ అయితే దొంగ దొరికినట్టే. లేదంటే స్పార్క్ టెస్టర్ పెట్టి సెల్ఫ్ కొట్టండి. స్పార్క్ లేకపోయినా వెంటనే కాయిల్ కొనకండి, దానికొచ్చే సన్న కిల్ వైర్ (స్పార్క్ ఆపి ఇంజిన్‌ని ఆపేది) ఊడదీసి మళ్ళీ చూడండి. అప్పుడు స్పార్క్ వస్తే కాయిల్ బాగానే ఉంది, తప్పు వైరింగ్‌లోనో ఏదో స్విచ్‌లోనో ఉంది. ఒక్కటి, ఆ వైరు తీశాక ఇంజిన్ స్టార్ట్ అయితే తాళంతో ఆగదు, కాబట్టి పరీక్ష అవ్వగానే తగిలించేయండి.

షార్ట్‌కట్:
ఇంత దేనికి అన్నా, మనిషి సీటు మీంచి లేస్తే ఇంజిన్ ఆపే సీట్ స్విచ్ ఉంటుందిగా, దాని వైర్లు కలిపేయ్, సగం బండ్ల రోగం అదే.

కిల్‌వైర్:
వద్దు తమ్ముడూ. మనిషి సీటు మీంచి పడినా బ్లేడ్లు ఆగవు. అనుమానముంటే స్విచ్ మార్చుకోవాలి. పైగా సీట్ స్విచ్ తప్పయితే గతుకుల్లో ఆగాలి, సరిగ్గా వేడెక్కాకే ఎందుకు ఆగుతుంది?

పచ్చికమధ్య:
లివర్‌తో షెడ్డుకి చేర్చాను. ఇవాళ మళ్ళీ నడిపితే అదే తంతు, మూత వదులు చేయగానే గాలి శబ్దం గట్టిగా వచ్చింది, కాసేపాగి తాళం తిప్పితే స్టార్ట్! మూత కడిగి గాలి ఊదినా దారి తెరుచుకోలేదు, కొత్తది ఆర్డర్ పెట్టాను. అది వచ్చేదాకా మూత వదులుగా పెట్టి కోసుకోవచ్చా? గడ్డి మోకాలి దాకా వచ్చేలా ఉంది.

స్పానర్‌బాబాయ్:
వద్దండి, వాలులో పెట్రోల్ ఒలికి వేడి సైలెన్సర్ మీద పడితే మంటే. గడ్డిని పెరగనివ్వండి. మూత వచ్చాక డెక్ (బ్లేడ్లుండే కింది భాగం) బాగా పైకెత్తి ఒకసారి, కొన్ని రోజులాగి దించి ఇంకోసారి కోయండి.