సీన్ పక్కన రసం పేరు రాసుకుంటే లాభమా, నష్టమా?

విభావరి:
సినిమా సీన్ ఆర్డర్‌లో (సీన్ల వరుస జాబితాలో) ప్రతి సీన్ పక్కన "కరుణ", "వీరం" అని రాసుకునే అలవాటు గురించి కదా చర్చ. రససిద్ధాంతం, అంటే భావం ప్రేక్షకుడిలో రసంగా ఎలా పండుతుందో చెప్పేది, సీన్‌కి కచ్చితంగా పనికొస్తుంది, పేరు మాత్రం పనికిరాదు. "విభావానుభావవ్యభిచారిసంయోగాద్రసనిష్పత్తిః" అన్నాడు నాట్యశాస్త్రంలో భరతుడు: విభావం (భావానికి కారణం), అనుభావం (అది బయటపడే చేష్ట), వ్యభిచారి (వచ్చిపోయే భావం) కలిస్తే రసం పండుతుందని. అందులో స్థాయీభావం (అడుగున నిలిచి ఉండే ప్రధాన భావం) ఊసే లేదు. మన చేతిలో ఉన్నవి ఆ మూడే. తప్పిపోయిన కొడుకు కోసం తండ్రి పోలీస్ స్టేషన్‌కి వచ్చాడనుకోండి. విభావాల్లో ఆలంబనం, అంటే భావం ఎవరి గురించో ఆ మనిషి, కొడుకు. ఉద్దీపనం, అంటే ఆ భావాన్ని రగిలించేది, బల్ల మీద కవర్లో ఉన్న చెప్పుల జత. అనుభావం, వాటివైపు చూడకుండా ఎస్సైకి కొడుకు ఎత్తు, రంగు చెబుతూనే ఉండటం. వ్యభిచారులు 33 ఉన్నా సీన్‌కి మూడు చాలు, వరుసే ముఖ్యం: ఔత్సుక్యం (ఆత్రం), శంక (కీడు జరిగిందేమోనన్న అనుమానం), చివర అవహిత్థ, అంటే లోపలిది ముఖంలో కనబడనీయకపోవడం. శంక కుదురుకోకముందే ఏడిపిస్తే సీన్ అక్కడే అయిపోతుంది.

కట్_పాయింట్:
ఇదంతా రంగస్థలం లెక్క. అక్కడ వెనక వరసకి కూడా కనబడాలి కాబట్టి అనుభావం కావాలి. రష్యన్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగంలో నటుడి ముఖం షాట్ ఒక్కటే. పక్కన శవపేటిక వస్తే దుఃఖం, ఆడుకునే పాప వస్తే చిరునవ్వు కనబడ్డాయి ప్రేక్షకులకి. భావం పుట్టింది కట్‌లో, రెండు షాట్లు అతికిన చోట. నటుడికి "శంక" అని చెప్పి చూడండి, కనుబొమలు ముడేస్తాడు, క్లోజప్ పోతుంది.

విభావరి:
కట్_పాయింట్ గారూ, ఆ శవపేటికా, ఆ పాపా విభావాలే కదండీ! మూడింటిలో ఒకటే ఉన్నా, అది ఆ రసానికే ప్రత్యేకమైతే తక్కినవి వాటంతటవే స్ఫురిస్తాయని ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. నటుడికి భావం పేరు చెప్పకూడదన్నది నిజం, చేయాల్సిన పని చెప్పాలి. వ్యభిచారుల జాబితా రచయిత, దర్శకుల దగ్గరే ఉండాలి.

ధ్వని:
నా దృష్టిలో మమ్మటుడు చెప్పిన రసదోషాలు, అంటే రసాన్ని చెడగొట్టే తప్పులు, రీరైట్‌కి ఇంకా విలువైనవి. భావాన్ని పేరుపెట్టి చెప్పేయడం ఒక దోషం: "నాకు చాలా భయంగా ఉంది" అనే డైలాగ్. షాట్ కన్నా ముందే ఏడ్చే వయొలిన్‌ని కూడా నేను ఇందులోనే వేస్తాను. ఇంకొకటి, పండిన రసాన్నే మళ్ళీమళ్ళీ రగిలించడం. దీనికి ఆయన చూపిన ఉదాహరణ కాళిదాసు కుమారసంభవంలోని రతీవిలాపం, అంటే మన్మథుడు కాలిపోయాక అతని భార్య రతి ఏడ్చే ఘట్టం! పై తండ్రి ఇంటికెళ్ళి భార్య ముందు మళ్ళీ విలపిస్తే ఆ సీన్ తీసేయాల్సిందే. ప్రేమకథల్లో మరో చిక్కు: తిరిగి కలుస్తారన్న ఆశ మిగిలితే అది విప్రలంభం (ఎడబాటు శృంగారం), తెగితేనే కరుణ. ఆశ బతికుండగానే చావు సంగీతం వేస్తే తర్వాత వచ్చే నిజమైన చావు చప్పబడుతుంది.

కట్_పాయింట్:
దోషాల జాబితా ఎడిట్ టేబుల్ మీద పనికొస్తుంది, కాదనను. కానీ కారు నంబరు, హత్య జరిగిన వేళ చెప్పడానికే ఉన్న సీన్లో కూడా రసం వెతికితే నిడివి పెరగడం తప్ప ఏమీ జరగదు. అలాంటివాటి పక్కన రసం రాసే గడి ఖాళీగా వదిలేయండి.