ఆదాయం లేనప్పుడు దశమభాగం ఇవ్వాలా?

కొత్త సభ్యుడు:
అందరికీ వందనాలు. నాలుగు నెలలుగా ఉద్యోగం లేదు. దాచుకున్నది అయిపోయింది, అప్పు చేసి ఇల్లు గడుపుతున్నాం. ఉద్యోగం ఉన్నంతకాలం చర్చికి ఇచ్చే దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, ఒక్క నెల కూడా తప్పలేదు. పోయిన వారం మా సంఘంలో బైబిల్లోని మలాకీ 3వ అధ్యాయం చెబుతూ, ఇవ్వనివాడు దేవుని సొమ్ము దొంగిలించినట్టే అన్నారు. ఇంటికొచ్చాక నా భార్య "మనం దొంగలమా?" అని అడిగింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పు తెచ్చిన డబ్బులోంచైనా ఇవ్వాలా?

ఆవగింజ:
ఇవ్వాలనే నా నమ్మకం బ్రదర్. కరవు రోజుల్లో సారెపతు ఊరి విధవరాలి దగ్గర మిగిలింది పిడికెడు పిండి, కొంచెం నూనె. అది తిని చనిపోదామనుకున్న ఆమెను, ముందు నాకో చిన్న రొట్టె చేసిపెట్టమన్నాడు ఏలీయా ప్రవక్త. చేసిపెట్టింది, పిండి తరిగిపోలేదు (1 రాజులు 17). మేమూ కష్టకాలంలో ఇవ్వడం ఆపలేదు, దేవుడు మమ్మల్ని పస్తులుంచలేదు. ఒకసారి ఆపితే డబ్బు గురించిన భయమే మనల్ని ఏలుతుంది.

పాత పద్దు:
ఆవగింజ గారి సాక్ష్యాన్ని నేను కాదనను. కానీ ఒకరి సాక్ష్యం ఇంకొకరికి చట్టం కాకూడదు. సారెపతులో ఏలీయా రొట్టె తీసుకుని వెళ్లిపోలేదు, ఆ కరవులో ఆ ఇంట్లోనే ఉండి వాళ్లతో కలిసి తిన్నాడు.

చాలా ఏళ్లు సంఘం లెక్కలు రాశాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. ధర్మశాస్త్రంలో దశమభాగం పండిన పంట మీద, పెరిగిన మంద మీద. అప్పు పంట కాదు కదా! ద్వితీయోపదేశకాండం 14 చివర చూడండి: మూడో ఏట ఆ భాగం తినాల్సింది సొంత భూమి లేని, దేవుని సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు. అంటే చేతిలో ఏమీ లేనివాడి పేరు ఇచ్చేవాళ్ల వరసలో కాదు, పుచ్చుకునేవాళ్ల వరసలో ఉంది. లేవీయకాండం 5లో పాపపరిహార బలికి గొర్రె తేలేనివాడు రెండు పక్షులు తేవచ్చు, అవీ లేకపోతే కాస్త పిండి. మరియ, యోసేపు కూడా పక్షులనే అర్పించారని లూకా రాశాడు.

దశమభాగం తెమ్మనే మలాకీ 3:10 చెప్పేవారు 3:5 కూడా చెప్పాలి. కూలివాడి జీతం విషయంలో అన్యాయం చేసేవాళ్ల మీద దేవుడు అక్కడ సాక్షిగా నిలబడుతున్నాడు. ఆ మాట ఎందుకు వినిపించదో అని నాకు బాధగా ఉంటుంది.

ఆవగింజ:
మరి తనకున్న రెండు కాసులూ దేవాలయం కానుకల పెట్టెలో వేసిన విధవరాలు? యేసు ఆమెను ఆపలేదు. మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండి కూడా శక్తికి మించి ఇచ్చాయి (2 కొరింథీ 8).

పాత పద్దు:
మాసిదోనియ వారి మాట నిజమే, అది నన్నూ కదిలిస్తుంది. కానీ వాళ్లు తమంతట తామే ఇచ్చారు, ఎవరూ దొంగలని పిలిచి రాబట్టలేదు. అదే అధ్యాయంలో ఆ పత్రిక రాసిన పౌలు, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఇవ్వాలంటాడు. విధవరాండ్ర ఇళ్లు మింగే శాస్త్రుల (ధర్మశాస్త్ర బోధకుల) గురించి యేసు హెచ్చరించిన వెంటనే ఆ రెండు కాసుల సంగతి వస్తుంది. నేను దాన్ని విడిగా చదవలేను.

ఒక తల్లి:
బ్రదర్, మీ పరిస్థితి సంఘంలో ఎవరికైనా చెప్పారా? రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో కరవు వచ్చినప్పుడు అంతియొకయ శిష్యులు ఎవరి శక్తి కొద్దీ వాళ్లు యూదయలోని సహోదరులకు సాయం పంపారు (అపొస్తలుల కార్యములు 11). పుచ్చుకున్నవాళ్లను అల్పవిశ్వాసులని ఎవరూ అనలేదు. మా ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఏడాది దాచాం. ఆ టెన్షన్‌తో మా ఆయన మంచం పట్టారు. చెప్పాక మాత్రం బియ్యం, పిల్లల ఫీజు ఎవరో ఒకరు చూసుకున్నారు.

కొత్త సభ్యుడు:
లేవీయకాండం 5 నా భార్యకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మళ్లీ చదవమంది. ఆవగింజ గారూ, మీ మాటా మనసులో ఉంది, పని దొరికిన నెలే మొదలుపెడతాం. అప్పు డబ్బు మాత్రం కానుకల పెట్టెలో వెయ్యను. సంఘంలో చెప్పడానికే ధైర్యం రావడం లేదు సిస్టర్, ఎలా మొదలుపెట్టాలి?

ఒక తల్లి:
ఆరాధన అయిన వెంటనే, జనం మధ్యలో వద్దు. మామూలు రోజున మీరిద్దరూ కలిసి సంఘ కాపరి ఇంటికి వెళ్లండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాట తడబడితే ఆ కాగితం చేతికివ్వండి.