"బాక్సింగ్ డే"ని తెలుగులో ఏమనాలి?

ఇంగ్లండులో జరిగే ఒక పాత కథను తెలుగు చేస్తున్నాను. అందులో డిసెంబర్ 26న పాలవాడు గుమ్మంలో నిలబడి "క్రిస్మస్ బాక్స్" అడుగుతాడు. "క్రిస్మస్ పెట్టె" అని రాసి కొట్టేశాను. ఆ రోజు పేరే బాక్సింగ్ డే. దానికి "ముష్టియుద్ధ దినం" అన్న అనువాదం ఒకచోట కంటపడింది. "కానుకల దినం" అంటే సరిపోతుందా?

—

ముష్టియుద్ధం అన్న ఆ మహానుభావుడు సగం గెలిచాడండీ! యుద్ధం తీసేసి ముష్టి ఒక్కటే ఉంచితే దాదాపు దగ్గరికి వచ్చేవాడు. ఆ బాక్స్ పిడికిలి కాదు, డబ్బులు వేసే డబ్బా. పని నేర్చుకునే కుర్రవాళ్ళు సన్నని చీలిక ఉన్న మట్టి ముంత పెట్టుకునేవారు. వచ్చేపోయేవారు అందులో నాణేలు వేసేవారు. క్రిస్మస్‌కు ముంత పగలగొట్టడమే. అలా పండుగకు ఇచ్చే సొమ్ముకే క్రిస్మస్ బాక్స్ అన్న పేరు స్థిరపడింది. డైరీతోనే పేరుపొందిన లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ 1663 డిసెంబర్ డైరీలో, చెప్పులవాడి బాకీ తీర్చి అక్కడి కుర్రవాడి డబ్బాలో పండుగకని ఏదో వేశానని రాసుకున్నాడు. చర్చిలో ధర్మపు పెట్టెను 26న, అంటే సెయింట్ స్టీఫెన్ పండుగనాడు, తెరిచి పేదలకు పంచడం వల్లే ఆ పేరు వచ్చిందనే వాదమూ ఉంది. రెండు ఆచారాలూ కలిసిపోయాయని నా అనుమానం. 1871 చట్టంతో ఇంగ్లండులో ఆ రోజు బ్యాంకు సెలవైంది. మన పత్రికల్లో ఆ పేరు కనిపించేది మాత్రం ఆ రోజు మొదలయ్యే మెల్‌బోర్న్ క్రికెట్ టెస్టు పుణ్యమా అని.

—

"కానుక" వద్దు. కానుక అసలు అర్థంలో కింది నుంచి పైకి పోతుంది: దేవుడికి, రాజుకు. పైగా తెలుగు చర్చిల్లో కానుక అంటే ఆరాధనలో సమర్పించేదే. పాలవాడికి ఇచ్చేది పై నుంచి కిందికి వచ్చే సొమ్ము. "ఈనాము" అనవచ్చు కానీ, మనకు వెంటనే ఈనాం భూములు గుర్తొస్తాయి. దసరాకు తపాలా ఆయన, చాకలి వచ్చి అడిగేది ఏమిటి? మామూలు. ఏడాదంతా చేసిన పనికి, జీతంతో సంబంధం లేకుండా, పండుగ పేరు చెప్పి అడిగి తీసుకునేది. క్రిస్మస్ బాక్స్ అచ్చంగా అదే.

—

మామూలు అంటే లంచం కాదా మాస్టారూ? పాలవాడిని దోషిని చేస్తున్నారు.

—

లంచమైంది బహువచనంలో! "మామూళ్ళు దండుకున్నారు" అంటే లంచమే. "దసరా మామూలు" అంటే ఎవరూ తప్పు పట్టరు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం వాడుక, ఆనవాయితీ. పండుగ పేరు ముందుంటే చాలు, మాట శుభ్రంగానే ఉంటుంది. బడి పంతుళ్ళు దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగినప్పుడు "అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాళ్ళకు చాలు పప్పుబెల్లాలు" అని పాడించేవారు. గురువే అడిగినచోట పాలవాడు అడిగితే తప్పేమిటి?

అయితే రోజు పేరును మాత్రం అనువదించకండి. "మామూళ్ళ దినం" అన్నారో, మళ్ళీ బహువచనంలో పడ్డారు!

—

అందరికీ ధన్యవాదాలు. రోజు పేరు బాక్సింగ్ డేగానే ఉంచాను. వాక్యం ఇలా మారింది: "మర్నాడు పాలవాడు టోపీ తీసి చేత పట్టుకుని, గుమ్మంలో నిలబడి పండుగ మామూలు అడిగాడు."