పాతాళగంగ అన్న మాట మన రాతినేలకు సరిపోతుందా?

ఆక్విఫర్‌కి, అంటే నేల కింద నీరు నిలవ ఉండి బావులకీ బోర్లకీ అందే పొరకి, తెలుగు ఏమిటన్న చర్చలో ఒకరు "పాతాళగంగ అంటే సరిపోదా, ఎంత అందంగా ఉందో" అన్నారు. అందంగానే ఉంది, శ్రీశైలంలో కృష్ణ రేవుకి ఆ పేరు ఎప్పటినుంచో ఉంది కూడా. కానీ హెలికాప్టర్‌తో భూగర్భజలాల సర్వే అనగానే శీర్షికలో పాతాళగంగ అని పెట్టడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గంగ అన్నాక కింద నది పారుతోందనే అనుకుంటారు ఎవరైనా. అది నమ్మి అప్పు చేసి ఇంకో బోరు వేయించే రైతు ఉంటాడు, ఆ సంగతి మర్చిపోకూడదు.

ఆ మాట నప్పే చోటు లేకపోలేదు. ప్రయాగ్‌రాజ్ దగ్గర గంగా యమునల మధ్య హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు హెలికాప్టర్ సర్వేలో పూడిపోయిన పాత నదిదారి ఒకటి గుర్తించారు. అక్కడా పారే నది లేదు, నీరు పట్టిన ఇసుక ఉంది. అయినా ఒకప్పుడు నదే కాబట్టి గంగ అంటే ఒప్పుకుంటాను.

తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గట్టి రాయి. పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి, ఆ రాతిలో పగుళ్లు. నీళ్లున్నది ఆ మొరంలోనూ పగుళ్లలోనూ. పక్కపక్క పొలాల్లో ఒకరికి బోరు పడి ఇంకొకరికి ఫెయిలయ్యేది అందుకే. దీనికి రైతుల దగ్గర చక్కటి మాట ఉంది: జల. "అరవై అడుగుల్లో జల తగిలింది", "బావిలో రెండు జలలున్నాయి" అంటారు. జలం వేరు, జల వేరు. జలం అంటే నీరు, జల అంటే నీరు ఊరి వచ్చే దారి. పగుళ్లలోని నీటికి ఇంతకంటే సరైన మాట నాకు కనపడలేదు. డెల్టాల్లో ఇసుకలో పరుచుకున్న దానికైతే నీటిపొర అందాం. రెంటికీ ఒకే పేరు ఉండాలని పట్టు ఎందుకు?

వ్యాఖ్య: బాగుందండీ. మరి "హెలికాప్టర్ నీళ్లు కనిపెట్టింది" అని రాయొచ్చా?

జవాబు: వద్దండీ, ఆ క్రియ కూడా తప్పుదారి పట్టిస్తుంది. హెలికాప్టర్ కింద తాళ్లతో ఒక పెద్ద తీగచట్రం వేలాడుతుంది, నేలకు సుమారు 30 మీటర్ల ఎత్తున. అందులో కరెంటు పంపి ఠక్కున ఆపేస్తారు. ఆపగానే నేలలో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి, లోతుకి వ్యాపిస్తూ సన్నగిల్లిపోతాయి. అవి ఎంత తొందరగా సన్నగిల్లాయో కొలిచి, ఏ లోతులో కరెంటుకి ఎంత అడ్డు ఉందో లెక్క కడతారు. అంటే కొలిచేది నీటిని కాదు, ఆ అడ్డుని. బంకమట్టిలో, ఉప్పునీటిలో అడ్డు తక్కువ, మంచినీటి ఇసుకలో కాస్త ఎక్కువ, పగుళ్లు లేని గ్రానైట్‌లో చాలా ఎక్కువ. ఒక్కోసారి బంకమట్టీ ఉప్పునీరూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే బోర్లు వేసి సరిచూసుకోవాల్సిందే. కేంద్ర భూగర్భజల బోర్డు కోసం ఎన్‌జీఆర్‌ఐ మొదట ఎంచుకున్న చోట్లలో జైసల్మేర్ ఎడారి ఉంది, పట్నా ఒండ్రునేల ఉంది, మనలాంటి రాతినేల, కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోదీ ఉంది. ఒక్కో నేలలో ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో తేల్చుకోడానికే అలా వేరువేరు చోట్లు. రాతిలో సన్నటి పగులు ఒక్కటీ పైనుంచి పట్టుకోవడం కష్టం, మొరం ఎంత మందాన ఉందో మాత్రం బాగా తెలుస్తుంది. కాబట్టి "జాడ చెప్పింది" అనండి, చాలు.

అనంతపురం, నల్గొండ, చిత్తూరు వైపు వాళ్లు ఉంటే చెప్పండి, మీ ఊళ్లో కూడా జల అనే అంటారా, ఇంకో మాట ఉందా?