మందేస్తే నిద్ర ఎక్కువ చెడేది ఆడవాళ్లకా, మగవాళ్లకా?

మియాపూర్_మైనా
శనివారం రాత్రి నేనూ మా ఆయనా చెరో రెండు గ్లాసుల వైన్ తాగుతాం. ఆయన దిండు మీద తల పెట్టగానే గుర్రు. నాకు మాత్రం మూడయ్యేసరికి మెలకువ వచ్చేస్తుంది. గుండె దడ, నోరు పిడచకట్టుకుపోయి ఉంటుంది, ఇక తెల్లారేదాకా దొర్లడమే. ఇద్దరి చేతికీ ఒకే రకం వాచీ. ఆయన నిద్ర స్కోరు బ్రహ్మాండం, నాది అధ్వాన్నం. "ఆడవాళ్ల ఒంటికి పడదు, మానెయ్" అంటాడు. ఇది సైన్సా, లేక నా చేతిలో గ్లాసు చూడలేక అనే మాటా? నీతులు వద్దు, తెలిసింది చెప్పండి చాలు.

నైంటీ_నరసన్న
సైన్సు నాకు తెలియదక్కా. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని, పొద్దంతా ఫోన్ల మీద టెన్షన్. రాత్రి నైంటీ పడకపోతే నాకు కన్ను మూతపడదు. పడిందా, మొద్దు నిద్రే. మగాళ్లకు మందు నిద్రమాత్రలా పనిచేస్తుందని నా అనుభవం.

ఫార్మా_బాబాయ్
నరసన్నా, నిద్ర పట్టడం వేరు, నిలవడం వేరు. ఆల్కహాల్ మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ పనిని అణిచేస్తుంది. అందుకే తొందరగా నిద్ర పడుతుంది, మొదటి సగం గాఢంగానూ ఉంటుంది. కలలొచ్చే రెమ్ నిద్ర మాత్రం తగ్గిపోతుంది. కాలేయం మందును అరగదీసే కొద్దీ అంతదాకా అణిగి ఉన్నదంతా ఎగదన్నుతుంది. రెండో సగం అందుకే ముక్కలు ముక్కలవుతుంది. ఇంతవరకూ ఆడా మగా తేడా లేదు.

లెక్క కూడా చూడు. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. నీ నైంటీలో 30. మైనా గారి రెండు గ్లాసుల వైన్ కూడా ఇంచుమించు అంతే. కాలేయం సగటున గంటకు 7 గ్రాములే వదిలించగలదు. పదకొండింటికి తాగితే మూడు దాటాక ఖాళీ. ఆవిడకు మెలకువ వస్తున్నదీ ఆ వేళకే కదా.

ఇక ఆడవాళ్ల సంగతి. బరువు సమానమైనా వాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ. ఆల్కహాల్ కలిసేది నీటిలోనే కాబట్టి అదే గ్లాసుకు రక్తంలో శాతం ఎక్కువవుతుంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఇరవైల్లో ఉన్న 93 మందిని ఒక రాత్రి మందుతో, ఒక రాత్రి మందు లేకుండా పడుకోబెట్టి చూశారు. మందు రాత్రి ఆడవాళ్లే తక్కువ నిద్రపోయారు, ఎక్కువసార్లు లేచారు. కాబట్టి మీ ఆయన మాటలో కొంత నిజం ఉందమ్మా.

కొల్లేటి_కొంగ
బాబాయ్ గారూ, రెండు అభ్యంతరాలు.

ఒకటి. ఆ మిషిగన్ ప్రయోగంలో ఊపిరిలో ఆల్కహాల్ ఆడా మగా అందరికీ దాదాపు 0.11 శాతానికి చేరేలా కొలిచి పోశారు. శాతం సమానం చేశాక కూడా తేడా వచ్చిందంటే మీ నీటి లెక్క దానికి కారణం కాలేదు. పైగా 0.11 అంటే తూలే స్థాయి. ఇంట్లో అన్నంతో పాటు రెండు గ్లాసులు తాగే మనిషికి అదెలా వర్తిస్తుంది?

రెండు. ఫిన్లాండ్‌లో 4,098 మంది ఉద్యోగుల గుండె లయను మామూలు జీవితంలోనే, ఇంట్లో పడుకున్నప్పుడే కొలిచిన అధ్యయనం 2018లో వచ్చింది. కొద్దిగా తాగిన రాత్రి శరీరం కోలుకోవడం 9.3 శాతం పాయింట్లు తగ్గింది, ఓ మోస్తరుగా తాగితే 24, బాగా తాగితే 39.2. ఆడవాళ్లకూ మగవాళ్లకూ దెబ్బ ఒకేలా ఉంది. నాకు నలభై రెట్లు పెద్ద లెక్క మీదే నమ్మకం.

ఫార్మా_బాబాయ్
మొదటిది పట్టుకోవలసిన చోటే పట్టుకున్నారు. నీటి లెక్క ఇంట్లో సమానంగా పోసుకునే గ్లాసులకు వర్తిస్తుంది, ఆ ల్యాబ్‌కు కాదు. అక్కడ పరిశోధకుల అనుమానం వేరు: ఆడవాళ్లలో ఆల్కహాల్ కొంచెం వేగంగా దిగిపోతుంది కాబట్టి ఆ ఎగదన్నడం ముందే మొదలై, ఎక్కువసేపు సాగి ఉండొచ్చని.

రెండోది ఒప్పుకోను. ఫిన్లాండ్ వాళ్లు చూసింది నిద్ర మొదటి గంటల్ని. అసలు గొడవంతా రెండో సగంలో. పైగా కొలిచింది గుండె లయను, మెలకువల్ని కాదు. నలభై రెట్లు పెద్దదైనా చూడవలసిన వేళ చూడకపోతే ఏం లాభం?

పెన్నా_పిల్ల
మీరిద్దరూ తాగినవాళ్ల నిద్రనే కొలుస్తున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన వాళ్లలో మందు తాగేవాళ్లు తెలంగాణలో మగవాళ్లు 43.3 శాతం, ఆడవాళ్లు 6.7. ఆంధ్రలో 23.3, 0.5. మన ఇళ్లల్లో మందు వల్ల నిద్ర పోగొట్టుకునే ఆడవాళ్లలో ఎక్కువ మంది చుక్క కూడా ముట్టనివాళ్లు.

మా వీధిలో ఒకావిడ ఉంది. బండి స్టాండు వేసిన చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పేస్తుంది. ఒక్క దెబ్బకు స్టాండు పడితే ఫరవాలేదు. రెండు మూడుసార్లు కాలితో తన్నాడంటే పిల్లల్ని లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గరకు వేస్తుంది. ఆ తర్వాత ఆయన గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు నిశ్శబ్దం, మళ్లీ ఒక్కసారిగా గుర్రుమనడం. ఆవిడ ఏ వాచీ పెట్టుకోలేదు కాబట్టి ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. 1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లింది ఇలాంటి రాత్రులు భరించలేకే. మరుసటి ఏడాది ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది.

పాలమూరు_పోరడు
అక్కా, మా వైపు ఆడవాళ్లు కల్లు తాగడం కొత్త కాదు. మా నాయనమ్మ పొలం పని చేసి వచ్చి సాయంత్రం ఓ ముంత తాగి హాయిగా పడుకునేది. ఆమెకు రాని బాధ వైన్ తాగితే వస్తుందా?

ఫార్మా_బాబాయ్
చెట్టు నుంచి దించిన కల్లు అయితే ఓ ముంతలో ఆల్కహాల్ తక్కువే. అదీ సాయంత్రం తాగి, రోజంతా నాట్లు వేసిన ఒళ్లు. కొన్ని దుకాణాల్లో అమ్మే మందు కల్లు మాటే వేరు. ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఆ మత్తు కల్లుది కాదు, మాత్రలది. 2015లో తనిఖీలు పెరిగి కల్తీ ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం నిద్ర పట్టక, వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు.

మియాపూర్_మైనా
పెన్నా పిల్ల చెప్పిన గురక మా ఇంట్లోనూ అచ్చం అంతే. మధ్యలో ఆగుతుంది. మరి ఆయన స్కోరు అంత బాగా ఎలా వస్తుంది? ఇంకోటి, తాగడం ఆరేడింటికే ముగించేస్తే నా గొడవ తీరుతుందా?

ఫార్మా_బాబాయ్
వాచీ మెదడును చూడదమ్మా. చేతి కదలికనూ నాడినీ బట్టి అంచనా కడుతుంది. కదలకుండా పడి ఉంటే మంచి నిద్రేనని రాసేసుకునే అవకాశం ఎక్కువ. మందుతో గొంతు కండరాలు వదులవుతాయి, గాలి దారి మూసుకుంటుంది. గురక మధ్యలో ఊపిరి ఆగడం మగవాళ్లలో ఎక్కువ, నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలోనూ పెరుగుతుంది. స్లీప్ టెస్ట్ చేయించాల్సింది ముందు మీ ఆయనకే.

ముందుగా ముగిస్తే మేలే, పూర్తిగా తీరుతుందని మాత్రం చెప్పలేను. 1996లో జ్యూరిచ్ పరిశోధకులు పడుకోవడానికి ఆరు గంటల ముందు మందు ఇచ్చి చూశారు. పక్క ఎక్కేసరికి ఊపిరిలో ఆల్కహాల్ సున్నా. అయినా రెండో సగం నిద్ర చెదిరింది.

కొల్లేటి_కొంగ
ఆ జ్యూరిచ్ ప్రయోగంలో ఉన్నదంతా నడివయసు దాటిన మగవాళ్లే కదా బాబాయ్? మగవాళ్ల మీద చేసింది తెచ్చి మైనా గారికి అంటగడుతున్నారు. పాత ప్రయోగాల్లో చాలావాటికి ఇదే జబ్బు. ఆడవాళ్లకే ఎక్కువ అని మీరు గట్టిగా చెప్పగలిగింది ఒక్క రాత్రి, ఒక్క మోతాదు, ఇరవై ఏళ్ల పిల్లల గురించి. నేను అక్కడే ఆగుతాను.

ఫార్మా_బాబాయ్
ఆగండి. గ్లాసుకు గ్లాసు సమానంగా పోసుకుంటే ఆవిడ రక్తంలో శాతం ఎక్కువన్నది ఏ వయసుకైనా నిజమే. అందుకు మానాల్సిన పని లేదు, చెరి సమానంగా పంచుకోవడం మానితే చాలు.

నైంటీ_నరసన్న
నా సంగతి వదిలేశారు. ఈ రాత్రి నుంచే మానేద్దామని చూస్తున్నా.

ఫార్మా_బాబాయ్
రోజూ నైంటీయేనా, ఇంకా ఎక్కువా? ఎక్కువైతే ఒక్కసారిగా ఆపకు. వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, డాక్టర్ని అడిగి తగ్గించు. నైంటీయే అయినా మొదట్లో నిద్ర మరీ అన్యాయంగా ఉంటుంది. చూశావా, మందు లేకపోతే నిద్రే లేదు అనుకుని చాలామంది మళ్లీ వైన్స్ దారి పట్టేది అప్పుడే.

నైంటీ_నరసన్న
పేరు నైంటీ అని పెట్టుకున్నా గానీ, క్వార్టరే బాబాయ్. రేపు డాక్టర్ దగ్గరికి పోతా.